కాలువ ఈతగాడికి సముద్రం సంగతులు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. ఊరు అమలాపురం దగ్గర. చిన్నప్పటి నుంచి కాలువలో ఈత కొట్టినవారు. మాస్కు, స్నార్కెల్ గొట్టం, కాళ్లకు వేసుకునే ఫిన్స్ కొత్తగా కొన్నారు. సంక్రాంతికి ఓడలరేవులోనో, అంతర్వేదిలోనో, కాకినాడ హోప్ ఐలండ్ దగ్గరో స్నార్కెలింగ్ (నీటి పైన తేలుతూ, గొట్టంతో ఊపిరి తీస్తూ కిందికి చూడటం) మొదలుపెట్టి, మార్చిలో ఇద్దరూ అండమాన్ వెళ్లి స్కూబా డైవింగ్ (గాలి సిలిండర్‌తో నీటి లోపలికి దిగడం) చేయాలని ఉంది. మీ ఆవిడకు ఈత రాదు కాబట్టి ఆవిడ ఒడ్డున కూర్చోవలసిందేనా అని అనుమానం. "నాకు ఈత వచ్చు, ఇంక కొత్తగా నేర్చుకోవలసింది ఉండదనుకుంటాను" అని చివర ఒక మాట. ఆ చివరి మాట చూశాకే ఇంత పొడవు రాయాలనిపించింది.

నాది సఖినేటిపల్లి వైపు. నరసాపురం రేవులో పంటు (జనాన్ని నది దాటించే పడవ) మీద, దాన్ని నడిపే సరంగుకు చేతిసాయంగా మొదలుపెట్టాను. తర్వాత అండమాన్‌లో పద్నాలుగేళ్లు డైవింగ్ నేర్పాను. ఇప్పుడు ఇంటికొచ్చి కొబ్బరి తోట చూసుకుంటున్నాను. రెండు చోట్ల నీళ్లూ తాగాను, అదీ మునుగుతూ తాగాను.

స్నార్కెలింగ్ సంగతి ముందు తేల్చేద్దాం. మన డెల్టా తీరంలో అది కుదరదు. ఎవరో వద్దంటారని కాదు, చూడటానికి ఏమీ కనిపించదు కనుక. ఓడలరేవులో నడుము లోతులో నిలబడి మాస్కు పెట్టుకుని ముఖం ముంచండి. పాలు తక్కువైన టీలోకి చూసినట్టు ఉంటుంది. చెయ్యి ముందుకు చాపితే మోచేతి వరకు కనిపిస్తుంది, వేళ్లు కనిపించవు. మీ కాళ్లు ఎక్కడున్నాయో అరికాలికే తెలియాలి.

కారణం మీ ఇంటి పెరట్లోనే ఉంది. ధవళేశ్వరం దాటాక గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయలు మోసుకొచ్చే ఒండ్రే కోనసీమ. ఆ ఒండ్రులో మన పెరట్లో ఆగకుండా దాటిపోయినదంతా సముద్రంలో కలుస్తుంది. పగడం మొక్కలా కనిపించే జంతువు. దాని ఒంట్లో సూక్ష్మమైన నాచు కాపురముండి, ఎండతో ఆహారం తయారుచేసి దానికి పెడుతుంది. నీరు మురికిగా ఉంటే ఎండ లోపలికి దిగదు. ఒండ్రు పైన పేరుకుంటే పగడానికి ఊపిరాడదు. పునాదికి గట్టి రాయి కావాలి, మన దగ్గర అడుగంతా బురద, ఇసుక. పైగా గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ ఒకే బంగాళాఖాతంలో మంచినీళ్లు పోస్తుంటే ఈ తీరాన ఉప్పు కూడా పలచబడుతుంది. అందుకే మన దేశంలో చెప్పుకోదగ్గ పగడపు దిబ్బలు అండమాన్ నికోబార్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖలలో ఉన్నాయి. పెద్ద నది సముద్రంలో కలిసే చోట పగడం కోసం వెతకడం అంటే వరి మడిలో గోధుమ వెతకడమే.

జూలై నుంచి సెప్టెంబరు వరకు ఎర్రనీరు వస్తుంది. అప్పుడు పులస ఎదురీదుతూ నదిలోకి ఎక్కుతుంది, మీ మాస్కు అటక ఎక్కాలి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపానుల భయం. కోనసీమలో నా వయసు వారికి 1996 నవంబరు 6 తుపాను గుర్తు చేయనక్కరలేదు. మిగిలింది జనవరి నుంచి మార్చి వరకు. అప్పుడు సముద్రం కాస్త నెమ్మదిస్తుంది, నీరు కాస్త తేరుకుంటుంది. ఆ "కాస్త" అనే మాటను మాత్రం ఎక్కువగా నమ్మకండి.

హోప్ ఐలండ్ విషయానికి వస్తే, దాన్ని ద్వీపం అనుకుని వెళ్లేవారు ఏ మాల్దీవులనో ఊహించుకుంటారు. అది గత రెండు వందల ఏళ్లలో గోదావరి ఇసుకను కెరటాలు ఉత్తరానికి నెట్టి వేసిన మేట. పదహారు కిలోమీటర్లకు పైబడిన ఇసుక నాలుక. దాని చాటున ఉండబట్టే కాకినాడకు సహజమైన నౌకాశ్రయం దొరికింది. కాకినాడ వైపు నీరు చెరువులా ఉంటుంది కానీ అడుగు బురద. పాటు సమయంలో (సముద్రం వెనక్కి తగ్గినప్పుడు) పడవే బురదలో కూర్చుంటుంది, మనిషి సంగతి చెప్పనక్కరలేదు. సముద్రం వైపు కెరటాలు. వెళ్లండి, తప్పక వెళ్లండి, కానీ ఇసుక తిన్నెలు, పక్షులు చూడటానికి, చేపల వేట చూడటానికి. చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు అక్కడ గుడ్లు పెడతాయి. రాత్రి టార్చీ వేసి వాటి వెంట పడకండి. దారిలో కోరింగ మడ అడవులు కూడా చూడండి. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఆ 235 చదరపు కిలోమీటర్ల అడవిలో నీటికుక్కలు, బావురుపిల్లులు ఉన్నాయి. అక్కడ తిల్ల చెట్టు కొమ్మ విరవకండి. ఆ పాలు కంట్లో పడితే కొంతకాలం చూపు పోవచ్చు, కొన్న మాస్కుతో పని ఉండదు.

ఇక అసలు విషయం, మొగ.

నది సముద్రంలో కలిసే చోటును మనవాళ్లు మొగ అంటారు. అంతర్వేది వెళ్లిన ప్రతి కుర్రాడికీ అక్కడ దిగాలనిపిస్తుంది. ఒక పక్క నది, ఒక పక్క కడలి, మధ్యలో ఇసుక తిన్నె, చూస్తే మోకాలి లోతు. నాకు పంతొమ్మిదేళ్లప్పుడు నేనూ దిగాను. జనవరి నెల, గాలి లేదు. ఎదురుగా కనిపించే తిన్నె దాకా ఈదుదామని స్నేహితులతో పందెం. నిండు పోటు మీద నీరు కదలకుండా ఉంది, హాయిగా వెళ్లిపోయాం. తిన్నె మీద కూర్చుని కబుర్లు చెప్పుకున్నాం. తిరిగి వచ్చేటప్పటికి పాటు మొదలైంది.

మొదట ఏమీ తెలియలేదు. బారలు వేస్తున్నాను, నీరు పక్కనుంచి పోతోంది, ముందుకే వెళుతున్నాననుకున్నాను. తలెత్తి చూస్తే ఇందాక సరుగుడు తోటకు ఎడమ పక్కన ఉన్న లైట్‌హౌసు ఇప్పుడు తోట వెనక్కి వెళ్లింది. లైట్‌హౌసు నడవదు కదా. నేనే సముద్రంలోకి జరుగుతున్నాను. ఇంకా గట్టిగా ఈదాను. ఒడ్డు అక్కడే ఉంది, నా భుజాలే అయిపోయాయి. వేట నుంచి వస్తున్న పడవలో పెద్దాయన ఒకరు జబ్బ పట్టి లోపలికి లాగారు. తిట్టలేదు. బీడీ వెలిగించుకుని, "నీటికి ఎదురు ఈదితే గెలవలేవురా, అడ్డంగా ఈదాలి" అన్నారు. పద్నాలుగేళ్లు నేను పరాయి ఊళ్లో చెప్పిన పాఠం అదే, కాకపోతే దానికి వాళ్లు డబ్బులిచ్చారు.

మొగలో జరిగేది ఇది. పోటుకు సముద్రం నదిలోకి ఎక్కుతుంది. పాటుకు ఆ నీరంతా నది సొంత నీటితో కలిసి ఇరుకు దారిలో ఒక్కసారిగా బయటికి దిగుతుంది. అమావాస్యకు, పౌర్ణమికి ఆ ఈడ్పు ఎక్కువ, అష్టమి దగ్గర తక్కువ. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, కాబట్టి నిన్న పది గంటలకు బాగుందని ఈ రోజు పది గంటలకు దిగకూడదు. తిన్నెలు కూడా స్థిరం కాదు. పోయిన ఏడాది నడిచి వెళ్లిన చోట ఈ ఏడాది తాడిచెట్టు లోతు ఉండవచ్చు. ఇసుక అంచు కాలికింద జారితే లోతు ఒక అడుగులో మారుతుంది. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకు ఇస్తారు. ఆ మాట వార్తల్లో వినిపించిన రోజుల్లో అయితే మొగ వైపు వెళ్లవద్దు, ఫోటోకు కూడా. మామూలు రోజుల్లో కూడా మొగలో ఈత అన్న ఆలోచనే పెట్టుకోకండి. నా వాక్యంలో "జాగ్రత్తగా" అన్న మాట ఎందుకు లేదో గమనించండి.

మొగకు దూరంగా, నేరుగా సముద్రం ఉండే సూరసానియానం, పేరుపాలెం లాంటి చోట్ల జనం ఉన్నప్పుడు, ఉదయం పూట, నడుము లోతు దాటకుండా స్నానం చేయవచ్చు. అక్కడ కూడా ఒకటి గుర్తుపట్టాలి. కెరటాలు వరసగా విరుగుతుంటే మధ్యలో ఒక చోట మాత్రం విరగకుండా, ముదురు రంగులో, నురగను లోపలికి తీసుకుపోతూ ఒక దారి కనిపిస్తుంది. తెలియనివారు అదే ప్రశాంతంగా ఉందని అక్కడ దిగుతారు. ఒడ్డుకు కొట్టిన నీరు తిరిగి సముద్రంలోకి పోయే దారి అది. అందులో పడితే ఒడ్డుకు సమాంతరంగా ఈది పక్కకు తప్పుకోవాలి, తర్వాత కెరటాలే ఒడ్డుకు తోస్తాయి. ఈదలేకపోతే వెల్లకిలా తేలి చెయ్యి ఊపాలి. ఉప్పాడలో కోతకు వేసిన రాళ్ల దగ్గర దిగే మాటే వద్దు.

బురద అడుగున టేకు చేపలు (తోకకు ముల్లుండేవి) ఇసుక కప్పుకుని పడుకుంటాయి. అడుగు ఎత్తి వేయకుండా కాళ్లు ఈడుస్తూ నడిస్తే అవే తప్పుకుంటాయి. ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీటిలో కాలు పెట్టి ఆసుపత్రికి వెళ్లాలి.

మరి కొన్న సామాను ఏం చేయాలి అంటారా? నేర్చుకోవడానికి వాడండి. కాలువలో కాదు. ఎండాకాలం కాలువలు కట్టేస్తారు, మిగతా నెలల్లో రొయ్యల చెరువుల నీరు ఎక్కడ కలుస్తుందో చెప్పలేం. కాకినాడలోనో రాజమహేంద్రవరంలోనో ఈత కొలనులో నెల రోజులు చేరండి.

మాస్కును పట్టీ లేకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో గాలి లోపలికి పీల్చి చేతులు వదిలేయండి. పడకుండా అతుక్కుంటే మీ ముఖానికి సరిపోయినట్టే. మీకు మీసం ఉంటే (గోదావరి వాళ్లం, ఉండే ఉంటుంది) ముక్కు కింద సన్నగా నీరు కారుతుంది. నా దగ్గరికి వచ్చిన మన జిల్లా కుర్రాడొకరు మీసం తీయనని భీష్మించి, మాస్కులో సగం సముద్రం నింపుకుని మూడు రోజులు అలాగే తిరిగారు. పూర్తిగా తీయనక్కరలేదు, ముక్కుకు ఆనుకుని ఒక సన్నని గీత మేర గీసుకుంటే చాలు. కొత్త అద్దం లోపల ఫ్యాక్టరీ పూత ఉంటుంది, టూత్‌పేస్టుతో రెండు మూడుసార్లు రుద్ది కడగండి. నీటిలోకి దిగే ముందు ఉమ్మి రాసి కడిగితే ఆవిరి పట్టదు. అసహ్యించుకోకండి, దానికి మించిన మందు ఇంతవరకు నాకు దొరకలేదు. లోపలికి నీరు వస్తే తల కొంచెం పైకెత్తి, పై అంచు నొక్కి పట్టి, ముక్కుతో గాలి వదిలితే కింద నుంచి పోతుంది. దీన్ని వందసార్లు చేయండి.

గొట్టం ఇంకా పొడవుగా ఉంటే ఇంకా లోతుకు వెళ్లవచ్చు కదా అని అందరూ అడుగుతారు. వెళ్లలేరు. ఒక మీటరు లోతులోనే నీరు ఛాతీని ఎంత నొక్కుతుందంటే పై గాలిని పీల్చుకునే బలం మన కండరాలకు ఉండదు. మడుగులో దాగిన దుర్యోధనుడికి జలస్తంభన విద్య వచ్చు, మనకు రాదు.

ఇప్పుడు మీ చివరి మాటకు వస్తాను. కాలువలో మనం ఈత ఎలా నేర్చుకున్నాం? అరటి బోదె పట్టుకుని తేలాం, తర్వాత బోదె వదిలేశాం, తర్వాత ఊపిరి బిగబట్టి ఎవరు ఎక్కువసేపు లోపల ఉంటారో పందెం వేసుకున్నాం. కాలువ ఈతగాడి గొప్పంతా ఆ బిగబట్టడంలోనే ఉంది. స్కూబాలో మనిషిని చంపేది సరిగ్గా అదే.

లెక్క సులువైనది. పది మీటర్ల లోతుకు వెళితే ఒత్తిడి ఒడ్డు మీద ఉన్నదానికి రెట్టింపు. అక్కడ సిలిండర్ నుంచి ఊపిరితిత్తుల నిండా పీల్చిన గాలి, పైకి వస్తే రెండింతలు అవుతుంది. ఊపిరి వదులుతూ వస్తే ఆ అదనపు గాలి బుడగలుగా పోతుంది. బిగబట్టి వస్తే పోవడానికి దారి లేక ఊపిరితిత్తి చిరుగుతుంది. దీనికి పెద్ద లోతు కూడా అక్కరలేదు, నిండు ఊపిరితో మీటరు పైచిలుకు పైకి రావడం చాలు. అందుకే మొదటి రోజు మొదటి సూత్రం: ఊపిరి ఎప్పుడూ ఆపకూడదు. నా అనుభవంలో ఈ సూత్రాన్ని ఎక్కువసార్లు మరిచిపోయినవారు బాగా ఈత వచ్చిన కుర్రాళ్లే. కంగారు పడగానే చిన్నప్పటి కాలువ గుర్తొస్తుంది, నోరు బిగుసుకుంటుంది. కొలనులో మునిగినప్పుడల్లా సన్నగా బుడగలు వదలడం అలవాటు చేసుకోండి. ముందు గబగబా పదిసార్లు ఊపిరి పీల్చి ఆపైన మునిగే పందేలు మానేయండి. అలా చేస్తే గాలి కావాలనే కబురు మెదడుకు అందకముందే స్పృహ పోతుంది.

చెవుల సంగతి రెండోది. దిగుతున్నప్పుడు ప్రతి అడుగు రెండడుగులకు ముక్కు మూసి మెల్లగా చెవుల్లోకి గాలి ఊదాలి, నొప్పి వచ్చాక కాదు, రాకముందే. ఈత కళ్లద్దాలతో లోతుకు వెళ్లకూడదు అనడానికి కారణం కూడా ఇదే. వాటిలో ముక్కు ఉండదు, లోపలి ఒత్తిడి సరిచేయలేం, కళ్లు బయటికి లాగినట్టు అవుతాయి.

మూడోది, పైకి రావడం. ఒత్తిడిలో నత్రజని రక్తంలో కరుగుతుంది. గోలీ సోడా గోలీ నొక్కగానే ఏమవుతుందో తెలుసు కదా, గబుక్కున పైకి వస్తే ఒంట్లో అదే. నిమిషానికి తొమ్మిది మీటర్లు మించకుండా వచ్చి, ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగుతాం. అదే కారణంగా డైవింగ్ చేసినవారు వెంటనే విమానం ఎక్కకూడదు. వరసగా చేసినవారు కనీసం 18 గంటలు ఆగాలి, నేనైతే ఒక రోజు పూర్తిగా వదిలేయమంటాను. కాబట్టి అండమాన్‌లో చివరి రోజు మునక పెట్టుకోకండి, సెల్యులార్ జైలు చూడండి.

మార్చి మంచి నెలే. డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు అక్కడ నీరు తేటగా ఉంటుంది. డైవింగ్‌కు ఎక్కువమంది వెళ్లేది స్వరాజ్ ద్వీప్‌కు, 2018 వరకు దాని పేరు హేవ్‌లాక్. అక్కడి ఎలిఫెంట్ బీచ్ స్నార్కెలింగ్‌కు బాగుంటుంది, జనం మాత్రం మన తీర్థంలా ఉంటారు. వండూరు నుంచి పడవలో వెళ్లే జాలీబాయ్, రెడ్‌స్కిన్ ద్వీపాలు ఒకదాని తర్వాత ఒకటి వంతులవారీగా తెరుస్తారు, పగడానికి విశ్రాంతి కోసం. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురం అయింది. భాషకు ఇబ్బంది లేదు, 2011 జనగణన ప్రకారం అండమాన్‌లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. చేపల బజారులో శ్రీకాకుళం యాసలో బేరమాడవచ్చు. మొసళ్లున్నాయని బోర్డు పెట్టిన చోట, మడ అడవుల పాయల పక్కన నీటిలో దిగకండి. మన మడ అడవికి అలవాటుపడిన ధైర్యం అక్కడ చెల్లదు.

శిక్షణ లేకుండా చేసే పరిచయ మునకలో 12 మీటర్లు దాటించరు. నేర్చుకుని ధ్రువపత్రం తీసుకుంటే 18 మీటర్ల వరకు వెళ్లవచ్చు. ఆ కోర్సుకు మూడు నాలుగు రోజులు పడుతుంది, ఆగకుండా 200 మీటర్ల ఈత, పది నిమిషాల తేలడం పరీక్ష పెడతారు. ఎక్కడ చేసినా రెండు అడగండి: ఒక శిక్షకుడికి ఎంతమంది, ఆరోగ్య వివరాల పత్రం నింపించుకుంటారా. ఒక చోట, పేరు చెప్పను, నేను వారం రోజులే పని చేసి మానేశాను. ఆరుగురికి ఒకణ్ని ఇచ్చి, పత్రాలు వాళ్లే నింపి సంతకం పెట్టించుకునేవారు. ఉబ్బసం ఉన్న ఆయన నీటిలో దిగాక నాకు సైగ చేసి చెప్పారు.

కింద ఏం కనిపిస్తుందో వర్ణించను, మీరే చూస్తారు. ఒకటి రెండు వింతలు మాత్రం. నీటిలో వస్తువులు మూడో వంతు పెద్దగా కనిపిస్తాయి, కాబట్టి ఒడ్డుకొచ్చి చేప పొడవు చెప్పేటప్పుడు నాలుగో వంతు తగ్గించుకోండి. ఎరుపు రంగు అన్నిటికన్నా ముందు మాయమవుతుంది. ఒకసారి పద్దెనిమిది మీటర్ల దగ్గర గుల్ల తగిలి నా వేలు తెగితే, రక్తం గోరింటాకు ముద్దలా పచ్చగా వచ్చింది. పగడాన్ని ముట్టుకోకండి, దాని మీద నిలబడకండి. ఫిన్స్ తగిలి విరిగిన కొమ్మ మళ్లీ అంత కావడానికి ఏళ్లు పడుతుంది. స్నార్కెలింగ్‌లో వీపు కాలిపోతుంది, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి.

మీ ఆవిడ సంగతి. ఒడ్డున కూర్చోనక్కరలేదు. స్నార్కెలింగ్‌కు లైఫ్ జాకెట్, పక్కన మనిషి తప్పనిసరి. పరిచయ మునకకు ఈత రావాలన్న నియమం లేదు, శిక్షకుడు ఒకరు మొదటి నుంచి చివరి దాకా ఆవిడను పట్టుకునే ఉండాలి, అలా ఒప్పుకునే చోటే వెళ్లండి. భయం ఉంటే బలవంతం చేయకండి. నేను చూసినంతలో ఈత రానివారే మొదటి మునకలో తొణకరు. చెప్పినట్టు ఊపిరి తీస్తారు, చెప్పినట్టు వదులుతారు, మరిచిపోవలసిన పాత అలవాటేదీ ఉండదు. ఆ ఉదయం మీకు జలుబుగా ఉంటే మాత్రం చెవులు తెరుచుకోవు, మాత్ర వేసుకుని దిగే ప్రయత్నం చేయవద్దు. అప్పుడు ఆవిడ కిందికి వెళ్లి వస్తారు, మీరు పడవలో కూర్చుని తువ్వాలు పట్టుకోండి.